చిన్న పడవకు చేతి డౌన్‌రిగ్గర్: ముందు బ్రేకు చూడండి

హనుమకొండలో నాది లేత్ దుకాణం. మోటారు షాఫ్టులు, పంపు బుష్‌లు చేయడం నా పని. ఈమధ్య మాత్రం విదేశాల్లో ఉన్న కొడుకో అల్లుడో పంపిన చేపల సామాను పట్టుకొని, ‘అన్నా, దీన్ని పడవకు బిగించి పెట్టు’ అంటూ వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. అలా బల్ల మీదికి వచ్చిన వాటిలో డౌన్‌రిగ్గర్ ఒకటి. విప్పి, శుభ్రం చేసి, బిగించి, మానేరు నీళ్లలో వాడి చూశాక చెబుతున్న మాటలివి.

గేలపు ఎరను కావలసిన లోతుకు దించే చేతి మర ఇది. ఒక స్పూలు, దాని మీద సన్నని ఉక్కు తీగ, తీగ చివర సీసపు గుండు, గుండు దగ్గర ఒక క్లిప్పు. గేలపు దారాన్ని క్లిప్పులో ఇరికించి గుండు దించితే ఎర కూడా కిందికి పోతుంది. చేప లాగితే దారం క్లిప్పు నుంచి ఊడిపోతుంది, ఇక మీకూ చేపకూ మధ్య బరువంటూ ఉండదు. ఉత్తర అమెరికా సరస్సుల్లో వేసవికి సాల్మన్ చేప చల్లని నీటి పొరను వెతుక్కుంటూ లోతుకు దిగుతుంది. అక్కడ దీని అవసరం ఎక్కువ.

మన దగ్గర అవసరమా? కొర్రమీను కోసమైతే అక్కర్లేదు. అది గాలి పీల్చుకోవడానికి పైకి వచ్చే చేప, ఒడ్డున తుంగలో తిరుగుతుంది. బొచ్చె, రోహు కదిలే ఎర వెంట పడే రకం కావు. వాలుగ, పెద్ద జెల్ల కోసం లోతున ఎర లాగాలనుకుంటేనే దీని మీద డబ్బు పెట్టండి. అదీ శ్రీరాంసాగర్, దిగువ మానేరు లాంటి జలాశయాల్లో, పాత నది పాయ ఉన్న వైపు. గణపతిదేవుని కాలం నాటి పాఖాల చెరువులో డౌన్‌రిగ్గర్ వేయడమంటే నాచు కోయడానికి బయలుదేరడమే. పుట్టిలో వెళ్లేవాళ్లు ఈ ఆలోచన ఇక్కడితో మానుకోండి. పుట్టి గుండ్రంగా తిరిగిపోతుంది, బిగించడానికి గట్టి అంచూ ఉండదు.

కొనేవాళ్లు మొదట అడిగే ప్రశ్న, ‘ఎంత లోతు పోతుంది?’ అని. తీగ రెండు వందల అడుగులున్నా మనకు నలభైకి మించి పని ఉండదు. నేను మొదట చూసేది బ్రేకు.

కారణం చెబుతాను. మన జలాశయాల అడుగున మునిగిన ఊళ్లున్నాయి. గోడలు, చింతచెట్ల మొదళ్లు, బావి ఒరలు, తెగిపోయిన వలలు అన్నీ అక్కడే ఉన్నాయి. గుండు వాటిలో ఇరుక్కుంటుంది, పడవ మాత్రం ముందుకు పోతూనే ఉంటుంది. ఈ మరలకు సాధారణంగా వచ్చే ఉక్కు తీగ నూటయాభై పౌండ్లు, అంటే దాదాపు 68 కిలోలు మోస్తుంది. అంత లాగుడు పడవ వెనుక మూల మీద పడితే తెగేది తీగ కాదు, మునిగేది పడవ అంచు. బ్రేకు సరిగ్గా జారే మర అయితే తీగ దానంతట అదే వదులుతుంది, మీకు ఇంజను ఆపే వ్యవధి దొరుకుతుంది.

దుకాణంలోనే పరీక్షించండి. మరను బల్ల అంచుకు బిగించి, నాలుగు కిలోల బరువు వేలాడదీయండి. బ్రేకు బిగింపును కొద్దికొద్దిగా వదులు చేస్తూ రండి. గుండు కుదుపుల్లేకుండా, మెల్లగా, ఒకే వేగంతో దిగాలి. కాసేపు ఆగి, ఉన్నట్టుండి దబ్బున జారితే ఆ బ్రేకు బిళ్లలు అరిగాయన్నా అనుకోవాలి, వాటికి నూనె తగిలిందన్నా అనుకోవాలి. పళ్లచక్రానికి కొక్కి తప్ప వేరే బ్రేకు లేని రకాలూ ఉన్నాయి. కొక్కి తీస్తే గుండు రాయిలా పడుతుంది, పిడి గిర్రున తిరిగి వేళ్లను కొడుతుంది. అలాంటిది ఉచితంగా ఇచ్చినా నేను పడవకు బిగించను.

తర్వాత స్పూలు. టేపు పెట్టి దాని వ్యాసం కొలవండి. పది సెంటీమీటర్లుంటే ఒక చుట్టుకు 31 సెంటీమీటర్ల తీగ, అంటే అడుగు కంటే కొంచెం ఎక్కువ దిగుతుంది. లెక్క చూపే మీటరు పాడైనా చుట్లు లెక్కపెట్టుకొని పని నడిపించవచ్చు. నాలుగు కిలోల గుండు, పదిహేను సెంటీమీటర్ల పిడి అనుకుంటే చేతి మీద పడేది కిలోన్నర లోపే. స్పూలు ఇరవై సెంటీమీటర్లయితే గుండు త్వరగా పైకి వస్తుంది, కానీ చేతి బరువు రెట్టింపు. కూర్చొని తిప్పే చిన్న పడవలో చిన్న స్పూలే నయం.

గుండు బరువుకు ఒక పాత లెక్కుంది: పది అడుగుల లోతుకు ఒక పౌండు. నలభై అడుగులకు నాలుగు పౌండ్లు, రెండు కిలోలకు కాస్త తక్కువ. పడవ నడుస్తుంటే తీగ వెనక్కి వాలుతుంది. ముప్పై డిగ్రీలు వాలితే నలభై అడుగులు వదిలినా గుండు ఉండేది ముప్పై అయిదు అడుగుల లోతులోనే. వాలు ఎక్కువైతే గుండు మార్చే ముందు వేగం తగ్గించి చూడండి. సీసం బదులు పాత ఇనుప తూకపు రాయి కట్టేవాళ్లున్నారు. అదే బరువుకు ఇనుము దాదాపు ఒకటిన్నర రెట్లు చోటు తీసుకుంటుంది, నీరు దాన్ని ఎక్కువగా నెడుతుంది, అంచులు ప్రతిదానికీ తగులుకుంటాయి. ఇంట్లో సీసం కరిగించి పోయకండి. ఆ పొగ విషం, అచ్చులో తడి ఉంటే సీసం ముఖం మీదికి చిమ్ముతుంది.

తీగకూ గుండుకూ మధ్య మాత్రం ఒక బలహీనమైన ముడి ఉండాలి. ఇరవై అయిదు, ముప్పై కిలోలకు తెగే నైలాన్ తాడు ఒక జానెడు చాలు. ఇరుక్కుంటే గుండు పోతుంది, మరా పడవా మిగులుతాయి. తీగ కోసే కటింగ్ ప్లేయరు కూర్చున్న చోటికి అందేలా కట్టి ఉంచండి, పెట్టెలో పెట్టి మూత వేయకండి.

చెయ్యి, అంటే బయటికి చాచుకొని ఉండే గొట్టం, రెండడుగులకు మించనివ్వకండి. నాలుగడుగుల చెయ్యి పడవను రెట్టింపు బలంతో పక్కకు వంచుతుంది. వెనుక మూలన, తీగ ఇంజను ఫ్యానుకు దూరంగా దిగేలా బిగించండి. ఫైబర్ పడవ అంచుకు ఉత్త క్లాంపు వేస్తే పగులు వస్తుంది. లోపలివైపు అరంగుళం ప్లైవుడ్ పలక, దాని మీద పెద్ద వాషర్లు, స్టెయిన్‌లెస్ బోల్టులు వేయండి.

పాత మర కొంటుంటే తీగను గుడ్డతో పట్టుకొని చివరిదాకా లాగండి. గుడ్డకు పోగు తగులుకున్నా, తీగలో ఒక్క మెలిక కనిపించినా తీగ మార్చాల్సిందే. ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి.

నీళ్లలోకి దిగే రోజు పత్రికలో జలాశయం మట్టం చూడండి. దిగువ మానేరు పూర్తి మట్టం 920 అడుగులు. ఆ రోజు 905 ఉంటే, నిండుగా ఉన్నప్పుడు నలభై అడుగులున్న చోట ఇప్పుడు ఉండేది ఇరవై అయిదే. శ్రీరాంసాగర్‌కు ఇదే లెక్క 1091 నుంచి వేసుకోండి. చేపలు పట్టే హక్కు సంగతి మత్స్యశాఖ కార్యాలయంలో, స్థానిక మత్స్యకారుల సంఘంలో ముందే అడిగి తెలుసుకోండి. నీటి మీద ప్లాస్టిక్ సీసాలు గానీ థర్మోకోల్ ముక్కలు గానీ వరుసగా తేలుతుంటే కింద సంఘం వాళ్ల వల ఉన్నట్టు. అక్కడ గుండు పైకి చుట్టేసి, చుట్టు తిరిగి వెళ్లండి.