విశాఖ నుంచి అమెరికా బడికి: ఆ ఫారంలో తెలుగు అనే రాయండి

పిల్లలతో అమెరికా వెళ్లే మన విశాఖ తల్లిదండ్రులు టీసీ, మార్కుల మెమోలు, టీకాల కార్డు అన్నీ జాగ్రత్తగానే సర్దుకుంటారు. తీరా అక్కడి బడిలో చేర్చే రోజున ఒక చిన్న ఫారం దగ్గర తడబడతారు. అదే హోమ్ లాంగ్వేజ్ సర్వే. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడుగుతుంది. గాజువాకలోనో ఎంవీపీ కాలనీలోనో ఇంగ్లిష్ మీడియం చదివిన పిల్లాడే కదా, తెలుగంటే వెనకబెంచీలో కూర్చోబెడతారేమోనని ‘ఇంగ్లిష్’ అని రాసేస్తారు. దయచేసి అలా చేయకండి.

తెలుగు అని రాస్తే పిల్లాడికి ఇంగ్లిష్ వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం ఎంతవరకు వచ్చో చూస్తారు. బాగా వస్తే మామూలు తరగతే. సాయం అవసరమైతే ‘ఇంగ్లిష్ లెర్నర్’గా గుర్తిస్తారు. ఆ గుర్తింపు ఉంటేనే హక్కులు. భాష రాని పిల్లలకు అందరితోపాటు అవే పుస్తకాలు, అదే టీచరు ఇచ్చినంత మాత్రాన సమానత్వం కాదని 1974లోనే లౌ వర్సెస్ నికల్స్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. 2015 నాటి చట్టం ప్రకారం, అమెరికా బడిలో చేరి ఏడాది నిండని ఇంగ్లిష్ లెర్నర్లకు రాష్ట్రాలు ఒకసారి రీడింగ్ పరీక్ష మినహాయించవచ్చు. లెక్కల పరీక్ష మాత్రం రాయాల్సిందే.

మన పిల్లలకు అన్యాయం ఎక్కువగా జరిగేది ఆ లెక్కల్లోనే. ఉదాహరణకు ఇలాంటి ప్రశ్న: మూడు క్వార్టర్లు (25 సెంట్ల నాణేలు), రెండు డైములు (10 సెంట్ల నాణేలు) ఉన్నాయి, డాలరుకి ఇంకా ఎంత కావాలి? కూడిక, తీసివేత మనవాడికి ఎప్పుడో వచ్చు. ఆ నాణేలే ఎప్పుడూ చేత్తో పట్టుకోలేదు. అక్కడ పోయిన మార్కు లెక్కల మార్కు కాదు. అందుకే వెళ్లిన వారంలోనే నాణేలు, అంగుళాలు, పౌండ్లు అలవాటు చేయండి.

అదనపు సమయం, రెండు భాషల నిఘంటువు లాంటి వెసులుబాట్లు ఉంటాయి. పరీక్షకు చాలా ముందే టీచరుని అడగండి. తెలుగు చదవడం రాని పిల్లాడికి ఆ నిఘంటువు ఎందుకూ పనికిరాదు, వాడికి సమయమే ముఖ్యం.

ఇంగ్లిష్ లెర్నర్‌గా గుర్తిస్తే, విద్యా సంవత్సరం మొదలైన 30 రోజుల్లోపు, మీ పిల్లాడిని ఇంగ్లిష్‌లో ఏ స్థాయిలో పెట్టారో తెలిపే ఉత్తరం రావాలి. ఇంగ్లిష్ నేర్పే ప్రత్యేక క్లాసులు వద్దనే హక్కు మీకుంది, అయితే ఏటా పెట్టే ఇంగ్లిష్ పరీక్ష తప్పదు. ఉత్తరం అర్థం కాకపోతే తెలుగు దుబాసీ కావాలని బడినే అడగండి, దానికి మీరు డబ్బు కట్టనక్కర్లేదు. పిల్లాడిచేత మాత్రం చెప్పించుకోకండి.