దేవతల దారి, 4వ పాఠం: తిరుగు పడవ నుంచి వెనక్కి లెక్క

దేవతల దారి అంటే ఇటలీలో అమాల్ఫి తీరం పైన, బొమెరానో నుంచి నొచెల్లే దాకా సాగే కొండ కాలిబాట. అమాల్ఫి నుంచి బస్సులో బొమెరానో చేరి, ఆ దారిన నడిచి, కింద పొసితానోలో పడవ ఎక్కి అమాల్ఫికి తిరిగి రావడం మన పథకం. పోయిన పాఠం చివర ఇచ్చిన పని చిన్నదే: మే నెలలో ఒక ఆదివారం అమాల్ఫి నుంచి బొమెరానోకి వెళ్ళే బస్సు ఎంచుకోమన్నాను. వచ్చిన జవాబుల్లో చాలామంది ఎక్కిన బస్సు ఆదివారం నడవనే నడవదు. ఆ ముడి విప్పకుండా ముందుకు వెళ్ళలేం.

టైంటేబుల్లో ‘ఫెరియాలె’ అని ఉన్న వరసను సెలవు రోజులది అనుకున్నారు. పూర్తిగా మీ తప్పనలేను. ఇటాలియన్‌లో ‘ఫెరియె’ అంటే సెలవులే మరి. కానీ ‘ఫెరియాలె’ అంటే పనిదినం, సోమవారం నుంచి శనివారం దాకా. శనివారాన్ని సెలవులో కలిపేయడం రెండో పొరపాటు. ఆదివారాలు, పండగలు ‘ఫెస్తీవో’ కిందికి వస్తాయి. మాటలు గుర్తుండకపోతే బొమ్మలు చూడండి: ఒకదానిమీద ఒకటి అడ్డంగా ఉన్న రెండు సుత్తులు పనిదినానికి, శిలువ ఆదివారానికీ పండక్కీ. ‘స్కొలాస్తికో’ అని ఉంటే బడి ఉన్న రోజుల్లోనే తిరుగుతుంది. జులైలో వెళ్ళేవాళ్ళు ఆ బస్సును కొట్టేయండి. ఏప్రిల్ 25, మే 1, జూన్ 2, ఆగస్టు 15 ఏ వారం పడినా ఫెస్తీవోనే. 2026లో జూన్ 2 మంగళవారం వస్తుంది. మంగళవారమే కదా అని సుత్తుల వరస చూసుకుని వెళితే బస్టాపులో మీరొక్కరే ఉంటారు.

బస్సు సంస్థ పేరు సీతా. పలకడమూ మన సీతలాగే. టికెట్టు మాత్రం ‘టి’ బోర్డున్న తబాక్కి (పొగాకు) కొట్లో ముందే కొనుక్కుని, ఎక్కగానే మిషన్‌లో ముద్ర వేయించుకోవాలి. అమాల్ఫిలో ఫ్లావియో జోయా కూడలి దగ్గర అరగంట ముందే వరసలో ఉండండి.

ఇక ఇవాళ్టి పాఠం. అందరూ ‘పొద్దున ఎన్నింటికి బయల్దేరాలి’ అన్న దగ్గర లెక్క మొదలుపెడతారు. పొసితానోలో ఏ పడవ ఎక్కాలో ముందు తేల్చుకోండి, అక్కణ్ణుంచి వెనక్కి రండి. ఆఖరి పడవ వద్దు, దానికి ముందుది పట్టండి. అది తప్పితే ఇంకోటి ఉంటుంది.

నడక గంటలకు సూత్రం ఇది. చదునున గంటకు 4 కిలోమీటర్లు. ఎక్కుడు గంటకు 300 మీటర్లు, దిగుడు గంటకు 500 మీటర్లు. దూరానికి పట్టే కాలం విడిగా, ఎత్తుపల్లాలకు పట్టే కాలం విడిగా కట్టి, పెద్దదానికి చిన్నదానిలో సగం కలపండి. బొమెరానో (సుమారు 630 మీటర్లు) నుంచి నొచెల్లే (సుమారు 440) దాకా దారి ఆరున్నర కిలోమీటర్లు, అంటే 98 నిమిషాలు. మధ్యలో ఎక్కుడు 200, దిగుడు 400 వేసుకోండి: 40, 48 కలిపి 88 నిమిషాలు. 98కి 44 కలిపితే 142. ఇది ఆగకుండా నడిచే లెక్క. కాప్రి దీవి కనపడ్డాక ఆగనివాళ్ళు ఉండరు కాబట్టి మూడు గంటలు రాసుకోండి.

నీళ్ళు మనిషికి 2 లీటర్లు. అడుగు జారకుండా నేలను గట్టిగా పట్టే బూట్లు. టోపీ. వీటిమీద పేరాలు రాయను.

చాలామంది రాసిన పథకాలు నొచెల్లే దగ్గర ఆగిపోయాయి. నాకు చిరాకు తెప్పించింది ఇదే. పటంలో ఆ దారి గీత అక్కడ ఆగుతుంది, నిజమే. మీ పడవ మాత్రం 440 మీటర్ల కింద సముద్రంలో ఉంది. నొచెల్లే నుంచి అరియెన్జో దగ్గరి రోడ్డు దాకా సుమారు 1,700 మెట్లు. అలిపిరి మెట్లు 3,550 ఎక్కాం, ఇవో లెక్కా అని ఒకరు రాశారు. ఎక్కేటప్పుడు అలిసేది ఊపిరి. కాసేపు కూర్చుంటే తిరిగొస్తుంది. దిగేటప్పుడు బరువంతా మోకాలి చిప్పమీద, తొడ ముందు కండమీద పడుతుంది. కూర్చుని లేస్తే కాళ్ళు ఇంకా వణుకుతాయి. పైగా ఈ దిగుడు సుమారు 380 మీటర్లు. 1,700తో భాగిస్తే మెట్టుకు 22 సెంటీమీటర్లు. ఇంట్లో మెట్టు 15 నుంచి 18 ఉంటుంది. ఆ నాలుగు నుంచి ఏడు సెంటీమీటర్ల తేడా వందో మెట్టు దగ్గర తెలియదు, వెయ్యో మెట్టు దగ్గర తెలుస్తుంది. దీనికి గంట రాసుకోండి. రోడ్డెక్కాక రేవు దాకా ఇంకో 25 నిమిషాలు, అదీ కాలిబాట లేని ఇరుకు రోడ్డుమీద, కార్ల పక్కన, ఒకరి వెనక ఒకరుగా.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు నొచెల్లే నుంచి మొంతెపెర్తూసో మీదుగా పొసితానోకి చిన్న బస్సు ఉంది. రోడ్డు నొచెల్లే ఊరి అంచు దాకానే వస్తుంది, అక్కడే ఎక్కాలి. మోకాళ్ళు బాగున్నా నా ఓటు ఆ బస్సుకే.

ఇప్పుడు వెనక్కి కట్టండి. మీ పడవ సాయంత్రం 5:00 అనుకుందాం. రేవులో 4:30కి ఉండాలి. రోడ్డు 25 నిమిషాలు: 4:05. మెట్లు గంట: 3:05. నొచెల్లేలో తిండి, కుళాయి దగ్గర సీసా నింపుకోవడం అరగంట: 2:35. దారి మూడు గంటలు: 11:35. చేతిలో అట్టేపెట్టుకునే అరగంట తీసేస్తే 11:05కి బొమెరానోలో అడుగు వేయాలి. బస్సుకు 40 నిమిషాలు. అమాల్ఫిలో 10:25 కంటే ముందు బయల్దేరేది ఎక్కాలి. ఇది మే నెలకు సరిపోతుంది. దారంతా దక్షిణం వైపు తిరిగిన కొండవాలు, నీడ తక్కువ. జులై, ఆగస్టుల్లో మిట్టమధ్యాహ్నం అక్కడ ఉండకూడదు, కాబట్టి పడవనే మధ్యాహ్నానికి జరిపి మళ్ళీ కట్టుకోండి.

పడవలు దాదాపు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే తిరుగుతాయి. అల ఎక్కువుంటే ఎండ కాస్తున్నా రద్దవుతాయి. అందుకే పొసితానో నుంచి అమాల్ఫికి సీతా బస్సు వేళ కూడా అదే కాగితంమీద, పడవ కిందే రాసుకోవాలి.

అభ్యాసం: 2026 జూన్ 2కి మూడు పథకాలు కట్టండి. మొదటిది మామూలుది. రెండోది మోకాలు నొప్పున్న అరవై ఏళ్ళ అమ్మతో వెళ్ళేది. మూడోదానిలో పడవలు రద్దయ్యాయని నొచెల్లేలో మధ్యాహ్నం 2:35కి తెలిసింది. మూడింటికీ ప్రతి అంచె పక్కన గడియారం వేళ ఉండాలి. ‘సుమారు మధ్యాహ్నం’ అని రాస్తే చూడను.