డిగ్రీ విద్యార్థులకు డిజిటల్ నైపుణ్యాలు సబ్జెక్టులోనే నేర్పడం ఎలా?

ఆర్‌కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని చూడని విశాఖ విద్యార్థి ఉండడు. అదే తీరానికి కాస్త దూరంలో, సముద్రం అడుగున ఇంకో జలాంతర్గామి ఉంది. 1971 డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ. అది ఎలా మునిగిందో వెతికి ఒక పేజీ రాసుకురమ్మని మా మొదటి సంవత్సరం హిస్టరీ క్లాసుకు చెప్పాను. దాదాపు అందరి పేజీల్లోనూ ఒకే వాక్యాలు. మన ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ ముంచేసిందని రాశారు. ఒకమ్మాయి మాత్రం లోపల పేలుడు జరిగి మునిగిందని రాసింది. "ఈ మాట ఎవరు చెప్పారమ్మా?" అని అడిగితే ఆ అమ్మాయీ, మిగతావాళ్లూ ఇచ్చిన జవాబు ఒకటే: "గూగుల్‌లో ఉంది మేడమ్."

నిజానికి రెండు కథనాలూ ఉన్నాయి. మొదటిది భారత నౌకాదళానిది, రెండోది పాకిస్తాన్‌ది. ఎవరి మాట ఎవరిదో తెలియకుండానే పిల్లలు రెండింటినీ దించేశారు. వీళ్లంతా కంప్యూటర్ పేపర్‌లో మంచి మార్కులతో పాసైనవాళ్లే. ఆ పేపర్‌కూ ఈ పేజీకీ సంబంధం ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

వెతకడం, తూచి చూడటం, భద్రపరచుకోవడం, మర్యాదగా పంచుకోవడం విడిగా ఒక పేపర్‌గా పెడితే అబ్బవని అప్పుడే అర్థమైంది. బీఏ అయినా, బీకాం అయినా, బీఎస్సీ అయినా ఆ సబ్జెక్టు పనిలోనే అవి రావాలి. మీ కాలేజీలో మొదలుపెట్టాలనుకుంటే ఈ వరుసలో వెళ్లండి.

1. ముందు పిల్లలకు ఏం వచ్చో కళ్లారా చూడండి

"నీకు ఇంటర్నెట్ వాడటం వచ్చా?" అని ఫారం నింపిస్తే అందరూ వచ్చనే రాస్తారు. దానికి బదులు అరగంట పని ఇవ్వండి. నేనిచ్చేది ఇది: 2014 అక్టోబర్ 12న విశాఖను తాకిన హుద్‌హుద్ తుఫాను గురించి వాతావరణ శాఖ ఇచ్చిన సమాచారం ఒకటి వెతకండి. ఫైలును పీడీఎఫ్‌గా దాచండి. మీ రోల్ నంబర్‌తో పేరు పెట్టండి. సబ్జెక్ట్ లైన్ రాసి, రెండు ముక్కల ఉత్తరంతో నాకు మెయిల్ చేయండి.

వాళ్లు చేస్తుంటే పక్కన నిలబడి చూడండి. రీల్స్ ఎడిట్ చేయడంలో ఆరితేరిన కుర్రాడు డౌన్‌లోడ్ చేసిన ఫైలు ఫోన్‌లో ఎక్కడికి పోయిందో తెలియక తికమకపడతాడు. కొందరు స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపేస్తారు. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చిన పిల్లల్లో కొందరికి సొంత ల్యాప్‌టాప్ ఉండదు, ఊరికెళ్తే సిగ్నల్ ఉండదు. వాళ్లను వెనకబడ్డవాళ్ల కింద లెక్కేయకండి. క్యాంపస్‌లో ఉన్నప్పుడే కావలసినవి దించుకుని ఆఫ్‌లైన్‌లో చదివే పద్ధతి వాళ్లకు ముందుగా నేర్పాలి. ఇంట్లో వైఫై ఉందనుకుని ఏ అసైన్‌మెంటూ తయారు చేయకూడదు.

2. ప్రతి డిపార్ట్‌మెంట్‌తో గంటసేపు కూర్చోండి

అడగాల్సింది ఒక్కటే: "మీ సబ్జెక్టు చదివినవాడు ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఏం వెతకాలి, దేంతో వెతకాలి, ఏం తయారు చేసి ఇవ్వాలి?" కామర్స్ వాళ్లు కంపెనీల వార్షిక నివేదికలు, ఎక్సెల్ అంటారు. జువాలజీ వాళ్లకైతే మన ఫిషింగ్ హార్బర్ దగ్గరే ఉంది. చేపలు ఎక్కడ దొరికే అవకాశముందో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ మత్స్యకారులకు ఇచ్చే సూచనలను చదివి, మ్యాపులో గుర్తుపట్టగలగాలి.

చర్చ దారి తప్పకుండా డిజిటల్ నైపుణ్యాలను వర్గీకరించేందుకు యూరోపియన్ కమిషన్ తయారుచేసిన డిజ్‌కాంప్ చట్రంలోని అయిదు విభాగాలను బోర్డు మీద రాసుకోవచ్చు: సమాచారం-డేటా, సంభాషణ-సహకారం, కంటెంట్ తయారీ, భద్రత, సమస్యల పరిష్కారం. ఏ సెమిస్టర్‌లో ఏ పేపర్ ఏ విభాగాన్ని తాకుతోందో టిక్కు పెట్టుకుంటూ వెళ్లండి. భద్రత గడి చాలా కోర్సుల్లో ఖాళీగా కనిపిస్తుంది.

3. కొత్త పేపర్ పెట్టకండి, ఉన్న అసైన్‌మెంట్‌ను మార్చండి

అసలు పని ఇక్కడే ఉంది. సిలబస్ ముట్టుకోనక్కర్లేదు. ఇంటర్నల్ మార్కులకు ఇచ్చే అసైన్‌మెంట్ ప్రశ్న మన చేతిలోనే ఉంటుంది.

ఘాజీ ప్రశ్నను మరుసటి ఏడాది ఇలా మార్చాను: "ఘాజీ ఎలా మునిగిందన్నదానిపై రెండు భిన్నమైన కథనాలు తీసుకోండి. ఒక్కోటి ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, వాళ్లకు ఆ సంగతి ఎలా తెలిసింది, అలా చెప్పడం వల్ల వాళ్లకేమైనా ప్రయోజనం ఉందా?" దించడానికి వీల్లేకుండా పోయింది. ఎందుకంటే ఈ ప్రశ్నకు జవాబు ఏ ఒక్క పేజీలోనూ దొరకదు. పిల్లలు ఆ పేజీ వదిలి, దాన్ని రాసినవాళ్ల గురించి ఇతరులు ఏమంటున్నారో వేరే ట్యాబులో వెతకడం మొదలుపెట్టారు. వార్తలు సరిచూసేవాళ్లు చేసేదీ ఇదే.

ఎకనామిక్స్‌కు మన జిల్లాయే పాఠం. 2011 జనాభా లెక్కల్లో విశాఖపట్నం జిల్లా జనాభా 42,90,589. ఇప్పటి జిల్లాకు అవే 2011 లెక్కలు చూస్తే 20 లక్షల లోపే. ఒకబ్బాయి ఈ రెండంకెలూ పక్కపక్కన పెట్టి, వలసల వల్ల జనాభా సగానికి పైగా పడిపోయిందని పేరా రాశాడు, గ్రాఫ్ కూడా గీశాడు. గ్రాఫ్ చాలా అందంగా ఉంది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విడిపోయాయన్న సంగతి అతనికి తట్టలేదు. అంకె ఏ హద్దులకు సంబంధించింది, ఏ ఏడాదిది అని అడగకుండా ఎక్సెల్ ఎంత బాగా నేర్పినా గుడ్డెద్దు చేలో పడ్డట్టే. అప్పటినుంచి ప్రతి పట్టిక కింద "ఎక్కడిది, ఎప్పటిది, ఏ హద్దులది" అనే మూడు ముక్కలు రాయకపోతే మా ఎకనామిక్స్ సార్ దిద్దరు.

తెలుగు డిపార్ట్‌మెంట్‌ను దయచేసి వదిలేయకండి. ఇప్పటికీ ప్రాజెక్టు రిపోర్టులు డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించి తెస్తారు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అవి పిచ్చిగీతలు, వెతికితే ఒక్క మాటా దొరకదు. ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లో సొంతంగా టైప్ చేయడం పిల్లలకు మొదటి సెమిస్టర్‌లోనే రావాలి. ఫోన్‌లో నోటితో చెప్పి టైప్ చేయించి, తర్వాత దిద్దుకున్నా సరే. ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో ఒకేసారి అనేక నిఘంటువుల్లో మాట వెతకడం చూపించండి. తెలుగు వికీపీడియాలో తమ ఊరి పేజీ తీసి, ఆధారం లేని ఒక వాక్యానికి సరైన ఆధారం వెతికి చేర్చమనండి. పది పేజీల వ్యాసం కంటే ఆ ఒక్క వాక్యంతో ఎక్కువ నేర్చుకుంటారు.

4. లైబ్రేరియన్‌ను క్లాసులోకి పిలవండి

మొదటి సంవత్సరంలో ఒకసారి లైబ్రరీ తిప్పి చూపించి వదిలేస్తే ఏమీ గుర్తుండదు. అసైన్‌మెంట్ ఇచ్చిన వారంలోనే, ఆ ప్రశ్న మీదే, లైబ్రేరియన్‌తో ఒక పీరియడ్ పెట్టండి. చూపించాల్సినవి చాలా ఉన్నాయి. యూనివర్సిటీ, కాలేజీ లైబ్రరీలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం వారి ఎన్-లిస్ట్ అనే ఆన్‌లైన్ సేవలో కాలేజీకి సభ్యత్వం ఉంటే విద్యార్థి సొంత లాగిన్‌తో ఇంటి నుంచి కూడా జర్నళ్లు, ఈ-పుస్తకాలు చదవచ్చు. శోధగంగలో మన యూనివర్సిటీల పీహెచ్‌డీ గ్రంథాలు ఉచితం. ఐఐటీ ఖరగ్‌పూర్ తయారుచేసిన నేషనల్ డిజిటల్ లైబ్రరీ కూడా అంతే. ప్రభుత్వ విద్యాసంస్థలైతే 2025 జనవరిలో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం ద్వారా 30 పబ్లిషర్ల దాదాపు 13,000 జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. చేతిలో ఉన్న ఇంత సంపద సంగతి పిల్లల దాకా చేరడం లేదన్నదే నా బాధ.

అన్నీ తెర మీదే దొరకవు కూడా. ఆంధ్ర యూనివర్సిటీలోని డాక్టర్ వీఎస్ కృష్ణా లైబ్రరీకో, ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయానికో ఒకపూట తీసుకెళ్లండి. పాత పుస్తకం వెనక ఉండే పదసూచిక వాడటం వచ్చినవాడికి సెర్చ్ బాక్సులో ఏ మాట కొట్టాలో కూడా త్వరగా తెలుస్తుంది.

5. ఏఐ గురించి దాపరికం వద్దు

వాడొద్దంటే చాటుగా వాడతారు. నా క్లాసులో నియమం ఇది: ఏఐ చాట్‌బాట్‌ను అడగవచ్చు, కానీ ఏం అడిగావో, అది ఏం చెప్పిందో, అందులో నువ్వు ఏది సరిచూశావో అసైన్‌మెంట్ చివర రాయాలి. అది చెప్పిన ప్రతి పుస్తకం పేరూ లైబ్రరీ క్యాటలాగ్‌లోనో గూగుల్ స్కాలర్‌లోనో వెతకాలి. లేని పుస్తకాన్ని, ఉన్న రచయిత పేరుతో, పేజీ నంబర్‌తో సహా అది పుట్టించగలదు. అలాంటిదొకటి పిల్లలే స్వయంగా పట్టుకున్న రోజున ఇక ఉపన్యాసం అక్కర్లేదు.

6. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులో భద్రత నేర్పండి

మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలు మొదటి సంవత్సరం తర్వాత ఊళ్లలో ఇంటింటి సర్వే చేస్తారు. జనం నమ్మి చెప్పిన వివరాలు వాళ్ల ఫోన్లలో ఉంటాయి. ఒకసారి అలాంటి సర్వే షీటు, ఫోన్ నంబర్లతో సహా, లింకు ఉన్న ఎవరైనా తెరిచేలా ఉండటం చూసి నాకు చెమటలు పట్టాయి. సర్వేకు వెళ్లేముందు ఒక గంట తీసుకోండి. ఆధార్ నంబర్ అడగకూడదు. ఎందుకు అడుగుతున్నామో చెప్పి ఒప్పుకుంటేనే రాసుకోవాలి. పేర్లు ఒక షీటులో, జవాబులు ఇంకో షీటులో ఉండాలి. షేరింగ్ సెట్టింగ్‌ను ఇద్దరు సరిచూడాలి. వ్యక్తుల సమాచారాన్ని కాపాడేందుకు 2023లో చట్టమే వచ్చిందని కూడా చెప్పండి. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలన్నది ఆ ఇళ్లలోవాళ్లకు మన పిల్లలే చెప్పి రావచ్చు.

7. మార్కులు కేటాయించండి

మార్కు లేని పనిని పిల్లలు పట్టించుకోరు. పది మార్కుల అసైన్‌మెంట్‌లో మూడు మార్కులు ఎలా వెతికారన్నదానికి ఉంచండి. మొదటి ఏడాది ఫైళ్లు, మెయిల్, ఆధారం సరిచూడటం చాలు. రెండో ఏడాది సబ్జెక్టు డేటాబేసులు, పట్టికలు. మూడో ఏడాది ప్రాజెక్టు రిపోర్టుకు, ఆధారాల జాబితాను దాచి అమర్చిపెట్టే జొటెరో అనే సాఫ్ట్‌వేర్‌తో రిఫరెన్సులు పెట్టుకోవడం. అది ఉచితమే.

అన్ని డిపార్ట్‌మెంట్లూ ఒకేసారి కదలవు. మా దగ్గర మొదట ఒప్పుకున్నది ఇద్దరు లెక్చరర్లు, లైబ్రేరియన్, అంతే. ఒక సెమిస్టర్, ఒక్కో పేపర్‌లో ఒక్కో అసైన్‌మెంట్‌తో మొదలుపెట్టాం. పిల్లలు రాసిన ముందటి పేజీలు, తర్వాతి పేజీలు స్టాఫ్ రూంలో బల్ల మీద పక్కపక్కన పెట్టాం. తర్వాతి సెమిస్టర్‌కు కామర్స్ వాళ్లే వచ్చి, వాళ్ల ప్రశ్న కూడా మార్చిపెట్టమన్నారు.