స్కాట్లాండ్ తీరంలో లింక్స్ గోల్ఫ్: కోర్సులు ఎట్లా ఎంచుకోవాలి

మొదటిసారి స్కాట్లాండ్ పోయేవాళ్ల జాబితాలో చాలాసార్లు ఈ నాలుగు పేర్లే ఉంటాయి: సెయింట్ ఆండ్రూస్, కార్నూస్టీ, టర్న్‌బెర్రీ, రాయల్ డోర్నాక్. టర్న్‌బెర్రీ నైరుతి తీరాన ఉంది, డోర్నాక్ ఎక్కడో ఉత్తరాన. ఈ రెండింటి మధ్య కారు ప్రయాణమే ఆరు గంటలకు దగ్గర. వారం సెలవు పెట్టి పోతే రెండు రోజులు రోడ్డు మీదే గడుస్తాయి. అందుకే కోర్సుల పేర్లు రాసుకునే ముందు తీరాన్ని ఎంచుకోండి. ఒక తీరం, అందులో ఒక పెద్ద పేరు, దానికి గంట లోపు దూరంలో రెండు మూడు చిన్న క్లబ్బులు, ఒక ఖాళీ రోజు. వారానికి ఇంతకు మించి పెట్టుకోవద్దు.

సముద్రం కనబడ్డ ప్రతిదీ లింక్స్ కాదు

లింక్స్ అంటే సముద్రానికీ వ్యవసాయ భూమికీ నడుమ మిగిలిన ఇసుక మేట. మన దగ్గర దుబ్బ నేల అంటామే, అట్లాంటిది. పైన పలుచటి మట్టి, దాని మీద ఫెస్క్యూ, బెంట్ అనే సన్నటి గడ్డి. ఎంత వాన పడినా నీళ్లు కిందికి ఇంకిపోతాయి, నేల గట్టిగానే ఉంటుంది. బంతి పడ్డచోట ఆగదు, ఎగిరి దొర్లుతుంది. చెట్లు దాదాపుగా ఉండవు. గాలికి ఇసుక కొట్టుకుపోకుండా బంకర్లను (ఇసుక గుంతలను) చిన్నగా, లోతుగా, గోడకు గడ్డి పలకలు పేర్చి కడతారు.

సముద్రం పక్కన ఉన్నా, ఎత్తయిన కొండ అంచున, బంకమట్టి మీద కట్టిన కోర్సులూ ఉన్నాయి. దృశ్యం బాగుంటుంది గానీ బంతి దొర్లే తీరు వేరు. సెయింట్ ఆండ్రూస్‌లోనే 2008లో మొదలైన క్యాజిల్ కోర్సు కొండ అంచున, ఒకప్పటి సాగు భూమిలో ఉంది. కింద ఊరి పక్కనున్న పాత కోర్సులతో దాన్ని కలిపి చూడొద్దు. తేడా పట్టడానికి ఉపగ్రహ మ్యాప్ చాలు. చెట్ల వరసలు, తవ్విన చెరువులు కనబడితే అనుమానించండి. ఇసుక దిబ్బలు, ఎండాకాలం ఫొటోలో గోధుమరంగుకు తిరిగిన ఫెయిర్‌వేలు (గడ్డి కత్తిరించిన ఆట దారులు) కనబడితే అది అసలు లింక్స్ అని నమ్మొచ్చు.

తీరాలు

ఫైఫ్, దానికి ఉత్తరాన ఆంగస్. ఇక్కడ సెయింట్ ఆండ్రూస్‌ను కేంద్రం చేసుకోవాలి. ఊళ్లోనే ఏడు కోర్సులున్నాయి: ఓల్డ్, న్యూ, జూబిలీ, ఈడెన్, స్ట్రాతైరమ్, తొమ్మిది హోల్స్ బాల్గోవ్, క్యాజిల్. అన్నీ ప్రజల భూమిలోనివే, ఒకే ట్రస్ట్ నడుపుతుంది. న్యూ కోర్సు పేరుకే కొత్తది, 1895 నాటిది. ఆట నాణ్యతలో ఓల్డ్ కోర్సు కంటే ఏమంత తక్కువ కాదు, టీ టైమ్ (ఆట మొదలుపెట్టడానికి బుక్ చేసే సమయం) దొరకడం చాలా సులువు. చుట్టూ క్రెయిల్, ఎలీ, లండిన్, లెవెన్ ఉన్నాయి. ఎలీలో మొదటి హోల్‌కు ఎదురుగా గుట్ట అడ్డం ఉంటుంది. ముందు ఆడేవాళ్లు పోయారో లేదో చూడటానికి పాత జలాంతర్గామి పెరిస్కోప్ పెట్టారు. కింగ్స్‌బార్న్స్ 2000లో మొదలైంది, చూడముచ్చటగా ఉంటుంది, ధర కూడా దానికి తగ్గట్టే. టే నది వంతెన దాటితే ముప్పావు గంటలో కార్నూస్టీ.

ఈస్ట్ లోథియన్. ఎడిన్‌బరో నుంచి రైలెక్కితే అరగంట పైచిలుకులో నార్త్ బెర్విక్. మొదటి యాత్రకు ఒక్క తీరమే చెప్పమంటే మా ఓటు దీనికే. కారు లేకున్నా నడుస్తుంది, ఆడనివాళ్లు కుటుంబంలో ఉంటే వాళ్లకు ఎడిన్‌బరో ఉంది. నార్త్ బెర్విక్ వెస్ట్ లింక్స్‌లో 13వ గ్రీన్ (జెండా, గుంత ఉండే నున్నటి గడ్డి) ముందు అడ్డంగా రాతి గోడ ఉంటుంది, 15వ హోల్ ప్రపంచమంతా అనుకరించిన రెడాన్, అంటే బంకర్ వెనుక ఏటవాలుగా వాలిన గ్రీన్ ఉన్న పొట్టి హోల్. పక్కనే గల్లన్‌లో మూడు కోర్సులు: ఒకటో నంబరు ఖరీదు, రెండో మూడో నంబర్లు జేబుకు తేలిక, గాలి మాత్రం మూడింటికీ ఒకటే. మ్యూర్‌ఫీల్డ్ కావాలంటే మీ తేదీలను దాని చుట్టూ కట్టుకోవాలి, ఎందుకంటే బయటివాళ్లను ఆడనిచ్చేది మంగళ, గురువారాల్లోనే.

ఎయిర్‌షైర్, గ్లాస్గోకు దక్షిణాన. ప్రెస్ట్‌విక్‌లో 1860లో మొదటి ఓపెన్ (బ్రిటిష్ ఓపెన్ ఛాంపియన్‌షిప్) జరిగింది. మొదటి హోల్ కుడి పక్కన గోడ, గోడ అవతల రైలు పట్టాలు, స్టేషన్. ఐదో హోల్ పేరు హిమాలయాస్: గ్రీన్ కనబడదు, దిబ్బ మీదుగా గుడ్డిగా కొట్టాలి. గుడ్డి షాట్లు చిరాకు అనుకుంటే ప్రెస్ట్‌విక్ వదిలేయండి, ఆ కోర్సు స్వభావమే అది. రాయల్ ట్రూన్‌లో ఎనిమిదో హోల్, పోస్టేజ్ స్టాంప్, 123 గజాలే. గ్రీన్ సన్నగా ఉంటుంది, చుట్టూ లోతైన బంకర్లు.

హైలాండ్స్‌లో ఇన్వర్నెస్ నుంచి గంటలో డోర్నాక్, దారిలో టెయిన్, ఇన్వర్నెస్‌కు తూర్పున నెయిర్న్, క్యాజిల్ స్టూవర్ట్ కలుపుకోవచ్చు. ఇక్కడికి పోతే ఇక్కడే ఉండాలి. సెయింట్ ఆండ్రూస్ నుంచి ఒక్క రోజులో పోయొస్తామనుకుంటే కుదరదు. అబర్డీన్ వైపు క్రూడెన్ బే, రాయల్ అబర్డీన్ రెండో యాత్రకు దాచుకోండి.

ఓల్డ్ కోర్సు దొరికే దారి

ముందే పక్కా చేసుకోవాలంటే ఏడాది ముందు అప్లికేషన్ పెట్టాలి, లేదా టూర్ కంపెనీ ప్యాకేజీకి బాగా ఎక్కువ కట్టాలి. చాలామంది నమ్ముకునేది బ్యాలెట్, అంటే లాటరీ. ఆడే రోజుకు రెండు రోజుల ముందు మధ్యాహ్నం 2 గంటల లోపు పేర్లు ఇవ్వాలి. ఇద్దరి నుంచి నలుగురి దాకా ఒక గుంపు. ఫలితం ఆ సాయంత్రమే తెలుస్తుంది. ఒంటరిగా పోయినవాళ్లకు ఈ బ్యాలెట్ లేదు, వాళ్లకు ముందురోజు విడిగా లాటరీ ఉంటుంది, దానికి మీరు ఊళ్లో ఉండాలి. ఆదివారం కోర్సు మూసేస్తారు. ఆ రోజు అది ఊరందరి పార్కు, ఎవరైనా నడవొచ్చు. ఆడబోయేవాళ్లు ఆదివారం ఒకసారి నడిచి వస్తే సగం కోర్సు అర్థమవుతుంది.

ఈ లెక్కతో సెయింట్ ఆండ్రూస్‌కు శనివారం మధ్యాహ్నానికి చేరేట్టు పెట్టుకోండి. శనివారం 2 లోపు సోమవారానికి పేరు వేయండి. ఆదివారం క్రెయిల్ గానీ ఎలీ గానీ. అదే రోజు 2 లోపు మంగళవారానికి మళ్లీ పేరు. సోమ, మంగళ రెండింట్లో ఏ రోజుకూ దూరపు కోర్సు పక్కా చేసుకోవద్దు. తగలకపోతే న్యూ గానీ జూబిలీ గానీ ఆడొచ్చు. కార్నూస్టీని బుధవారానికి పెట్టండి. రెండు రాత్రులే ఉండి బ్యాలెట్ తగలలేదని బాధపడేవాళ్లు ఎక్కువ. తగిలే అవకాశం పెరగాలంటే ఉండే రోజులు పెరగాలి. 2027 ఓపెన్ ఓల్డ్ కోర్సులోనే, జూలైలో. ఆ ఏడాది వేసవికి పోవాలనుకుంటే కోర్సు ఏ తేదీల్లో మూసి ఉంటుందో ముందు చూసుకోండి.

మీ ఆటకు సరిపోయేది

ఓల్డ్ కోర్సు పేరు విని భయపడతారు గానీ, 20 పైన హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని చెప్పే అంకె, ఎంత ఎక్కువైతే ఆట అంత బలహీనం) ఉన్నవాళ్లకు ఇది కార్నూస్టీ కంటే చాలా మేలు. ఫెయిర్‌వేలు పోయే దారీ వచ్చే దారీ కలిసిపోయి వెడల్పుగా ఉంటాయి. బంకర్లు 112 ఉన్నా ఎడమకు కొడితే చాలా వాటి నుంచి తప్పించుకోవచ్చు. గ్రీన్లు చాలావరకు రెండేసి హోల్స్‌కు ఒకటి, అంత పెద్దవి. గ్రీన్ తగలడం సులువు, మూడు పుట్లు (గ్రీన్ మీద బంతిని దొర్లించే షాట్లు) పడటం ఇంకా సులువు. కార్నూస్టీ అట్లా కాదు. ఛాంపియన్‌షిప్ టీల (హోల్ మొదలుపెట్టే చోట్ల) నుంచి 7,400 గజాలు, చివరి రెండు హోల్స్‌లో బ్యారీ బర్న్ అనే కాలువ మెలికలు తిరిగి అడ్డం వస్తూనే ఉంటుంది. 1999 ఓపెన్‌లో ఫ్రెంచ్ ఆటగాడు వాన్ డి వెల్డ్ ఆధిక్యం కరిగిపోయింది ఆ 18వ హోల్‌లోనే. బంతి నేరుగా పోనివాళ్లు అక్కడే ఉన్న బర్న్‌సైడ్ కోర్సు ఆడితే గాలీ నేలా అవే, ఖర్చు తక్కువ, బంతులూ తక్కువ పోతాయి.

డోర్నాక్‌లో పోగొట్టుకునే బంతులు తక్కువ, చిక్కంతా గ్రీన్ దగ్గరే. గ్రీన్లు గద్దెల్లాగ ఎత్తుగా ఉంటాయి, పక్కకు పడితే జారి కిందికి పోతుంది. చిప్పింగ్ (గ్రీన్ దగ్గరి పొట్టి షాట్) బలహీనమైతే గ్రీన్ ముందు పొట్టిగా ఆపి, అక్కడి నుంచి ఎక్కించండి.

గాలి సంగతి కూడా కోర్సు దారితో కలిపి చూడాలి. ట్రూన్, ఓల్డ్ కోర్సు, నార్త్ బెర్విక్ వంటివి బయటికి పోయి తిరిగొచ్చే దారులు. గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వస్తుంది. ట్రూన్‌లో వాయవ్య గాలి వీస్తే మొదటి తొమ్మిది హోల్స్ గాలి వాలున ఎగిరిపోతాయి, తిరుగు దారిలో అదే గాలి ఎదురొస్తుంది. అక్కడ స్కోరు ముందే చేసుకోవాలి. మ్యూర్‌ఫీల్డ్‌లో మొదటి తొమ్మిది ఒక దిక్కు చుట్టు, రెండో తొమ్మిది దాని లోపల ఎదురు దిక్కు చుట్టు, కాబట్టి గాలి ప్రతి హోల్‌కూ మారుతుంది. గంటకు 16 కిలోమీటర్ల ఎదురుగాలికి సుమారు ఒక క్లబ్ పెంచండి, అంటే బంతిని ఇంకొంచెం దూరం కొట్టే కర్ర తీసుకోండి. అదే వేగంతో వెనుకగాలి ఉంటే దాంట్లో సగమే కలిసొస్తుంది. టీ ఎంపికలో పౌరుషం వద్దు: గాలి రోజు 6,000 గజాల టీయే పెద్దది.

నెల, కాగితాలు, డబ్బు

ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా సీజన్. మాకు నచ్చేవి మే, సెప్టెంబరు. మేలో రఫ్ (ఫెయిర్‌వే పక్కనుండే ఎత్తు గడ్డి) ఇంకా పలుచగా ఉంటుంది, గోర్స్ పొదలు పసుపుగా పూస్తాయి. జూన్, జూలైల్లో రఫ్ చిక్కబడి బంతి మింగుతుంది, అయితే జూన్ చివర రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది, సాయంత్రం రౌండ్‌కు ధర తక్కువ పెట్టే క్లబ్బులూ ఉన్నాయి. చలికాలం పోతే ఓల్డ్ కోర్సులో ఫెయిర్‌వే మీద చిన్న చాప పరిచి కొట్టాల్సి వస్తుంది, కింగ్స్‌బార్న్స్ మూసే ఉంటుంది. తూర్పు తీరాన తూర్పు గాలి వీస్తే సముద్రం మీది నుంచి హార్ అనే పొగమంచు వచ్చి గంటల తరబడి కమ్ముకుంటుంది. ఎండాకాలంలో కూడా.

వీసా చిక్కు ఒకటుంది. విజిటర్ వీసాకు ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే అప్లై చేయగలం, మంచి టీ టైములు మాత్రం దానికి చాలా ముందే అయిపోతాయి. అంటే వీసా రాకముందే డబ్బు కట్టాలి. ప్రతి క్లబ్బులో రద్దు చేస్తే ఎన్ని రోజుల ముందు ఎంత వాపసు ఇస్తారో రాతపూర్వకంగా అడిగి, వాపసు ఇచ్చేవాటినే ముందు బుక్ చేయండి. బయోమెట్రిక్స్‌కు వరంగల్, కరీంనగర్ వాళ్లు హైదరాబాద్ పోవాల్సిందే. మీ క్లబ్బు నుంచి హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ ప్రయాణానికి నెల ముందే తీసుకోండి. ఓల్డ్ కోర్సులోనూ పెద్ద క్లబ్బుల్లోనూ అడుగుతారు, కొన్ని గరిష్ఠ పరిమితీ పెడతాయి. సర్టిఫికెట్ లేని కొత్తవాళ్లకు బాల్గోవ్, ఎడిన్‌బరో పక్కనున్న మసిల్‌బరోలోని పాత తొమ్మిది హోల్స్ మంచి మొదలు.

ఓల్డ్ కోర్సు రుసుము సీజన్‌లో 300 పౌండ్లు దాటింది. చిన్న క్లబ్బుల్లో దాంట్లో సగం, మూడో వంతుకే ఆడొచ్చు. క్యాడీ (సంచి మోసి, దారి చెప్పే మనిషి) డబ్బు విడిగా, టిప్‌తో కలిపి నగదు దగ్గర పెట్టుకోండి. గుడ్డి షాట్లున్న కోర్సులో, ఓల్డ్ కోర్సులో క్యాడీ తప్పనిసరి అనుకోండి, మిగతాచోట్ల దూరాలు చూపే యార్డేజ్ పుస్తకం చాలు. ఎక్కువ కోర్సుల్లో బగ్గీ (కోర్సులో తిరిగే చిన్న బండి) ఉండదు, డాక్టర్ చీటీ ఉంటేనే ఇస్తారు. రోజుకు పది కిలోమీటర్లు నడిచే ఓపిక ముందే తెచ్చుకోవాలి. కారు నడపడం కష్టం కాదు, అక్కడా ఎడమ వైపే, మన లైసెన్సు 12 నెలల దాకా చెల్లుతుంది.

పోయే ముందు సాధన, సంచి

మన దగ్గర గ్రీన్లు బెర్ముడా గడ్డివి. గడ్డి మొగ్గిన దిక్కు బంతిని లాగుతుంది. ఫెస్క్యూలో ఆ లాగుడు ఉండదు, వాలు మాత్రమే చూడాలి. ఏప్రిల్ ఎండకు గట్టిపడ్డ నేల దొరికితే అక్కడే సాధన చేయండి: ఏడో, ఎనిమిదో నంబరు ఐరన్ క్లబ్బులతో 20 నుంచి 40 గజాలు తక్కువ ఎత్తులో వేసి దొర్లించడం, గ్రీన్ బయటి నుంచి పుట్టర్‌తో కొట్టడం. బౌన్స్ (క్లబ్ అడుగు కోణం) ఎక్కువున్న శాండ్ వెడ్జ్ (ఇసుకలోంచి కొట్టే క్లబ్) గట్టి నేల మీద ఎగిరి బంతి నడుముకు తగులుతుంది, గ్రీన్ దాటి పోతుంది. 6 నుంచి 8 డిగ్రీల బౌన్స్ వెడ్జ్ ఒకటి పెట్టుకోండి. నిలువు గోడ బంకర్‌లో పడితే జెండా వైపు ఆశపడొద్దు, పక్కకో వెనక్కో బయటపడటమే ఒక షాట్.

గొడుగు ఆ గాలికి తిరగబడుతుంది, బరువు తప్ప లాభం లేదు. వాన చొక్కా, వాన ప్యాంటు, తడిస్తే పట్టు పెరిగే వాన గ్లౌజుల జత, ఉన్ని టోపీ, పలుచటి స్వెటర్లు రెండు. జూలైలో కూడా ఉష్ణోగ్రత 20 డిగ్రీలు దాటని రోజులే ఎక్కువ. క్లబ్బుల సంచి చెక్ ఇన్ బరువులో ఇముడుతుందో లేదో టికెట్ కొనేముందే చూడండి. ఇమడకపోతే సెయింట్ ఆండ్రూస్‌లో సెట్ అద్దెకు దొరుకుతుంది. తిండి పట్టుకుపోతే సకినాలు, గారెప్పలు, పల్లిపట్టీ పరవాలేదు. పాలతో చేసిన స్వీట్లు, మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు, భారత్ నుంచి పాల, మాంస పదార్థాలు బ్రిటన్‌లోకి తీసుకుపోనివ్వరు, విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు.