గోదావరి చెమ్మలో తోలు చెప్పు: కొత్తగా మొదలుపెట్టేవారికి

మా ఇంటి వెనక తోలు ఊరబెట్టే గుంటలు, రెండు లందలు ఉండేవి. మెట్ట నుంచి బండ్ల మీద వచ్చిన తంగేడు చెక్క, కరక్కాయ వాటిలో నానేవి. ఆ ఎర్రనీళ్ల వాసన మా నాన్న చేతులను పండగ రోజు కూడా వదిలేది కాదు. ఆయన పోయాక లందలు పూడ్చి కొబ్బరి మొక్కలు పెట్టాం. ఇప్పుడు పని నేర్చుకుంటామని వచ్చే మా పేట కుర్రాళ్లు మొదట అడిగేది, "లంద మళ్లీ తవ్వుదామా బాబాయ్?" అనే.

వద్దంటాను. మన నేలలో నాలుగు అడుగులు తవ్వితే నీళ్లు ఊరతాయి. తోలు ఊరబెట్టిన సున్నం, ఉప్పు ఆ నీళ్లలో కలిస్తే పక్కింటి చేతిపంపు దగ్గరే తేలుతాయి. కాలువలోకి వదిలితే కింది ఊరివాళ్లు ఆ నీటినే మంచినీళ్ల చెరువుకు పెట్టుకుంటారు. శుద్ధి చేసిన తోలు కొనండి, వస్తువు ఇక్కడ చేయండి. మన లాభం కుట్టులో ఉంది.

కొనేటప్పుడు చెట్టు బెరడుతో పదును చేసిన, అంటే శుద్ధి చేసిన తోలే అడగండి. తమిళనాడులో ఈరోడ్, దిండిగల్ వైపు ఆ పని ఇంకా ఉంది. క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలు మెత్తగా, రంగురంగులుగా ఉంటుంది. సంచులకు బాగుంటుంది కానీ, చేతితో కొట్టి ఆకారం తేవడానికి మొండికేస్తుంది. వ్యాపారి మాట నమ్మకుండా చిన్న ముక్క అడిగి తెచ్చుకుని మరిగే నీళ్లలో ఒక నిమిషం వేయండి. బెరడు తోలు ముడుచుకుని గట్టిపడుతుంది. బాగా పదును చేసిన క్రోమ్ తోలు దాదాపు అలాగే ఉంటుంది. మొదటి సరుకు కొన్నప్పుడు ఈ పరీక్ష చేయక నేను పన్నెండు వేలు పోగొట్టుకున్నాను. ఆ తోలు ఇప్పటికీ మా అటక మీద ఉంది.

ఒక తోలులోనే వీపు గట్టిది, పొట్ట సాగేది. చెప్పు అడుగుకు వీపు భాగం తీయండి. కాలిని పట్టి ఉంచే వారును (పట్టీని) వెన్నెముక పొడవునా కోయాలి. అడ్డంగా కోస్తే నెల తిరిగేసరికి సాగి, చెప్పు కాలిని వదిలి ముందే నడుస్తుంది. పొట్ట భాగాన్ని లోపలి పొరకు, చిన్న సామానుకు ఉంచండి. అన్నిటికంటే కింద పాత టైరు ముక్క వేయండి. మన బురదకు అంతకు మించిన అడుగు లేదు, పారేసే వస్తువుకు పనీ దొరుకుతుంది. ముక్కలు మిగిలితే ఎద్దుల మెడపట్టీలకు, మువ్వలు గుచ్చుకునే పట్టీలకు, తాళం చెవుల గుత్తులకు సరిపోతాయి. క్రోమ్ తోలు ముక్కలను మాత్రం పొయ్యిలో పెట్టకండి. కాల్చితే అందులోని క్రోమియం విషపు రూపానికి మారే ప్రమాదం ఉంది.

కుట్టు గురించి రాస్తే తెగదు. అయినా ఒక్కటి చెబుతాను. అడుగు తోలును తడిపి, తడిగుడ్డలో రాత్రంతా చుట్టి ఉంచి, పొద్దున రాతి మీద పెట్టి సుత్తితో కొట్టండి. మెత్తని పొర గట్టిపడి, దెబ్బల మోత మారుతుంది. మొదట 'దబ్ దబ్' అన్నది 'టక్ టక్' అంటుంది. ఆ మోత వినిపించేదాకా ఆపకూడదు. తర్వాత ఆరెతో రంధ్రం పొడిచి, మైనం పట్టించిన దారానికి రెండు చివరలా రెండు సూదులు ఎక్కించి, ఒకే రంధ్రంలోంచి ఎదురెదురుగా లాగాలి. మిషను కుట్టులో ఒక దారం తెగితే వరుసంతా ఊడుతుంది, దీనిలో ఊడదు. ఆరె సన్నగా ఉండాలి. రంధ్రం పెద్దదైతే నీళ్లు దూరేది అక్కడే. నేర్చుకునేవాళ్లను మొదటి నెల నేను చెప్పులు కుట్టనివ్వను. పనికిరాని ముక్కల మీద మూరెడు పొడవు గీత గీసి ఇస్తాను. వంకర లేకుండా కుట్టి చూపించాలి. మా మేనల్లుడు పదిహేడో గీతకు దారిలోకి వచ్చాడు.

ఇక మన అసలు శత్రువు చెమ్మ. వానాకాలం నుంచి తుపానుల నెలలు దాటేదాకా తోలుకు తెల్ల బూజు పడుతుంది. ఒకసారి నలభై జతలు ఒక దుకాణంలో 'అమ్ముడయ్యాక డబ్బు' లెక్కన పెట్టాను. ప్లాస్టిక్ సంచుల్లో కట్టి మూల పడేశారు. మూడు నెలలకు బూజుతో తిరిగొచ్చాయి. అప్పటి నుంచి అప్పుకు ఇవ్వను, ప్లాస్టిక్‌లో కట్టను. పాత పేపరులో చుట్టి, నేలకు తగలకుండా చెక్కబల్ల మీద, గాలి ఆడేచోట పెట్టండి. బూజు పడితే ఆరుబయట పొడిగుడ్డతో తుడిచి, స్పిరిట్ అద్దిన గుడ్డతో మళ్లీ తుడిచి నీడలో ఆరనివ్వండి. ఎండలో పెడితే తోలు పెళుసెక్కుతుంది. చివరగా ఆముదం, వేలికొసంత మాత్రమే. ఎక్కువ పూస్తే ఊళ్లోని దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

ధర దగ్గర అందరూ తప్పు చేస్తారు. నాకు ఒక జతకు తోలు, టైరు, దారం, మైనం కలిపి నాలుగు వందల అరవై అవుతుంది. పని తొమ్మిది గంటలు. గంటకు ఎనభై వేసుకున్నా పదకొండు వందల ఎనభై. చాలా ఏళ్లు ఆరు వందలకే అమ్మి, లాభం వచ్చిందనుకున్నాను. అది నా కూలిని నేనే ఎగ్గొట్టుకోవడం. ఇప్పుడు పదమూడు వందలు. బేరమాడేవారికి చెప్పు తిప్పి కుట్టు చూపిస్తాను, అంతే.

ఎక్కడ అమ్మాలి? వాడపల్లి వెంకన్న గుడి దగ్గర శనివారం జనం విపరీతం కదా అని వెళ్లాను. గుడి బయట చెప్పులు పోయినవాళ్లు కొనేది నూట యాభై రూపాయల రబ్బరు చెప్పులే! జగ్గన్నతోట ప్రభల తీర్థం, అంతర్వేది తీర్థం నయం. అక్కడికి పండక్కి ఊరొచ్చినవాళ్లు వస్తారు, నడిస్తే కిర్రుమనే తాతల కిర్రుచెప్పులు గుర్తొచ్చి ఆగుతారు. కొల్హాపురి అని చెప్పి మాత్రం అమ్మకండి. ఆ పేరుకు 2019 నుంచి భౌగోళిక గుర్తింపు ఉంది, అది మహారాష్ట్ర, కర్ణాటకల్లోని ఎనిమిది జిల్లాలది. మనకు కిర్రుచెప్పులనే మంచి పేరు ఉండగా అప్పు పేరెందుకు?

చేతిపనివాళ్ల కోసం కేంద్రం 2023లో మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో చెప్పులు కుట్టేవారూ ఉన్నారు. శిక్షణ రోజుకు ఐదు వందల భత్యం, పనిముట్లకు పదిహేను వేలు, ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష అప్పు. నమోదు కామన్ సర్వీస్ సెంటరులో; ఇప్పుడు తీసుకుంటున్నారో లేదో ముందు అక్కడ అడగండి. అప్పు మాత్రం కుట్టు కుదిరాకే తీసుకోండి.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. కొన్నవారిని కాగితం మీద నిలబెట్టి రెండు పాదాలూ గీయండి. చాలామందికి ఎడమా కుడీ ఒకేలా ఉండవు. పక్కన ఫోను నంబరు, ఎముక ఎక్కడ పొడుచుకొచ్చిందో, వారు ఎక్కడ నొక్కిందో రాయండి. మా మేనల్లుడి పుస్తకం ఇప్పుడు మూడోది. మొన్న రాజమండ్రి నుంచి ఒకాయన ఫోను చేసి, "పోయినసారి కొలతే, బొటనవేలి దగ్గర కాస్త వదులు" అన్నాడు. వాడు పాత పుస్తకం తీసి ఆ పేజీ వెతుక్కుంటూ, "మామయ్యా, తోలు ఇంకా ఉందా?" అని అరిచాడు.