ఎండలు ముదరకముందే సైకిలెక్కండి: నడుము తగ్గించుకోవాలనుకునేవారికి జాగ్రత్తలు

చలి శివశివా అంటూ వెళ్ళిపోయింది. నెల్లూరులో ఇక రోహిణి కార్తె దాటేవరకూ ఎండ రోజురోజుకూ ముదురుతూనే ఉంటుంది. పొట్ట తగ్గించుకోవాలని కొత్త సైకిలు కొన్నవారు, మూలన పడి ఉన్న పాత సైకిలును తుడిచి గాలి కొట్టించినవారు చాలామంది ఈ రోజుల్లోనే మొదలుపెడతారు. మంచి సమయమే. ఇప్పుడు మొదలుపెడితే శరీరం వేడికి మెల్లగా అలవాటు పడుతుంది. మే నెలలో ఒక్కసారిగా రోడ్డెక్కినవారికి ఆ వ్యవధి దొరకదు. అయితే ఏళ్ళ తరబడి తెల్లవారుజామునే సైకిలు తొక్కుతున్నవాడిగా ముందే ఒక మాట చెప్పాలి. కొత్తవారిని దెబ్బతీసేది ఎక్కువగా ఆత్రమే. వారంలో ఫలితం కనిపించాలని తిండి మానేస్తారు, మానేసిన కడుపుతోనే ఎండలో తొక్కుతారు.

ముందు నడుము కొలుచుకోండి. మొలతాడు బిగువును నమ్మవద్దు, ప్యాంటు సైజును అసలే నమ్మవద్దు. పొట్ట పెరిగేకొద్దీ రెండూ దాని కిందికి జారిపోతాయి. పదేళ్ళుగా అదే సైజు ప్యాంటు వేసుకుంటున్నామని సంతోషించేవారి అసలు చుట్టుకొలత నాలుగైదు అంగుళాలు పెరిగి ఉండవచ్చు. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు సరిగ్గా మధ్యలో టేపు చుట్టాలి. ఊపిరి మామూలుగా వదిలిన తర్వాత చూడాలి, పొట్ట లోపలికి పీల్చకూడదు. మన దేశంలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే మధుమేహం, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుందని వైద్యులు లెక్కిస్తారు. వచ్చిన అంకెను గోడ క్యాలెండరు మీద రాసిపెట్టండి. మళ్ళీ నాలుగు వారాల దాకా టేపు ముట్టుకోవద్దు. రోజూ కొలిస్తే నీరు, ఉప్పు, నిన్నటి భోజనం కలిసి అంకెను అటూ ఇటూ ఊపుతాయి, మనసు చెదురుతుంది.

చొక్కా కింద పొట్టకు ప్లాస్టిక్ కాగితమో, చెమట బెల్టో చుట్టుకుని తొక్కేవారిని నేను చూశాను. దయచేసి ఆ పని చేయవద్దు. పోయేది నీరు మాత్రమే, రెండు గ్లాసులు తాగగానే తిరిగి వస్తుంది. ఈలోగా చెమట ఆరక ఒళ్ళు చల్లబడే దారి మూసుకుపోతుంది. వేసవిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఇంకొకటి, కొవ్వు కరిగేటప్పుడు మనం కోరిన చోటే కరగదు. ఒళ్ళంతా కొద్దికొద్దిగా తగ్గుతూ ఉంటే అందులో భాగంగా నడుమూ తగ్గుతుంది. వారానికి అర కిలో బరువు తగ్గితే చాలా బాగా తగ్గుతున్నట్టు లెక్క.

ఇక తిండి. సగం పని ఇక్కడే ఉంది. 70 కిలోల మనిషి అరగంట మామూలు వేగంతో తొక్కితే సుమారు 200 క్యాలరీలు ఖర్చవుతాయి. ఒక పెద్ద చెంచా నూనెలోనో నెయ్యిలోనో సుమారు 120 క్యాలరీలుంటాయి. తొక్కి వస్తూ ఆకలి మీద హోటల్లో నెయ్యి కారం దోసె, పైన ఇంకొకటి తిని ఇంటికి వెళితే ఆ ఉదయం శ్రమంతా పెనం దగ్గరే చెల్లిపోతుంది. కారం దోసెకు నేను శత్రువును కాను. ఆదివారం ఒకటి, ఇంటిల్లిపాదితో కూర్చుని, తృప్తిగా తినండి. సైకిలు దిగగానే మాత్రం వద్దు. అప్పుడు ఎంత తింటున్నామో తెలియదు.

అన్నం మానేయమని చెప్పేవారి మాట వినవద్దు. మన ఇళ్ళలో అన్నం మానేసినవారు పది రోజుల తర్వాత రెట్టింపు తింటారు. కంచంలో అన్నం వడ్డించే వరుస మార్చండి చాలు. ముందు కూర, పప్పు వడ్డించుకుని, మిగిలిన చోట అన్నం పెట్టుకోండి. చేపల పులుసు నిశ్చింతగా తినవచ్చు. చేప కండను నిలబెడుతుంది. పైన తేలే ఎర్రటి నూనె తెట్టును మాత్రం గరిటెతో పక్కకు తీయండి. కనిగిరి, పొదిలి వైపు రాగి సంకటి తినేవారు ఒకటి గమనించాలి. పీచు ఎక్కువ కాబట్టి త్వరగా కడుపు నిండుతుంది, నిజమే. కానీ గ్రాముకు గ్రాము చూస్తే రాగిపిండి క్యాలరీలు బియ్యానికి మరీ తక్కువేమీ కావు. రెండు ముద్దలు మూడయితే లాభం లేదు. సాయంత్రం బజ్జీల స్థానంలో గుగ్గిళ్ళు, దాహానికి కూల్‌డ్రింకు స్థానంలో పల్చటి మజ్జిగ, తాటి ముంజల కాలంలో ముంజలు. ఉప్పు మొత్తం మీద రోజుకు 5 గ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆవకాయ జాడీ తెరిచే నెలల్లో ఇది గుర్తుంచుకోవాలి.

ఖాళీ కడుపుతో తొక్కితే కొవ్వు త్వరగా కరుగుతుందని నమ్మి మా వీధి పెద్దాయన ఒకరు కాఫీ కూడా తాగకుండా బయలుదేరేవారు. షుగరు మాత్రలు వేసుకునే మనిషి. ఒకరోజు తిరిగి వస్తుండగా ఆయన హ్యాండిలు వణకడం పక్కనుంచి చూశాను. సైకిలు వణుకుతోందనుకున్నాను. దగ్గరికి వెళితే చేతులు వణుకుతున్నాయి, ముఖమంతా చల్లటి చెమట, నా పేరు అడిగితే చెప్పలేకపోయారు. టీ అంగట్లో చక్కెర నీళ్ళు కలిపించి గుక్కగుక్కగా తాగిస్తే పావుగంటకు తేరుకున్నారు. ఇన్సులిన్ గానీ, షుగరు మాత్రలు గానీ వాడేవారు వ్యాయామం మొదలుపెట్టే ముందే వైద్యుణ్ణి కలిసి మందు మోతాదు గురించి మాట్లాడాలి. జేబులో బెల్లం ముక్కో, గ్లూకోజు పొడో తప్పనిసరి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. రక్తపోటుకు నీరు పోయే మాత్రలు వాడేవారికి వేసవిలో నీరసం, తల తిరగడం త్వరగా వస్తాయి, వారూ అడగాలి. మిగిలినవారు కూడా బయలుదేరే ముందు ఒక అరటిపండు తిని, గ్లాసు నీళ్ళు తాగండి.

సీటు ఎత్తు సరిచూసుకోండి. మోకాళ్ళ నొప్పులు చాలావరకు అక్కడే మొదలవుతాయి. పెడలు కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా ఉండాలి. ముందుపాదంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. బ్రేకులు, గొలుసు, వెనక ఎర్ర దీపం చూసుకోండి.

దారి గురించి ఎంత చెప్పినా తక్కువే. నెల్లూరు, కావలి, ఒంగోలు మీదుగా వెళ్ళే 16వ నంబరు జాతీయ రహదారి వ్యాయామానికి పనికిరాదు. లారీ పక్కనుంచి దూసుకుపోతే గాలి తోపుకే సైకిలు ఊగిపోతుంది. పల్లె రోడ్లు నయం, కానీ వాటి ప్రమాదం వాటికుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో వరి కోతలయ్యాక రైతులు ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు. రాత్రికి కుప్ప చేసి, పట్టా కప్పి, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. తెల్లవారకముందు ఆ నల్ల పట్టా, ఆ రాళ్ళు కనిపించవు. పలచగా పరుచుకున్న గింజల మీద బ్రేకు వేస్తే చక్రం నూనె మీద జారినట్టు జారుతుంది. దూరం నుంచే వేగం తగ్గించి, హ్యాండిలు తిప్పకుండా నెమ్మదిగా దాటండి, వీలైతే దిగి నడవండి. అది రైతు ఆరు నెలల కష్టం, తొక్కకుండా వెళ్ళడమే మర్యాద.

నెల్లూరు నుంచి మైపాడు, ఒంగోలు నుంచి కొత్తపట్నం వైపు సముద్రానికి వెళ్ళేవారికి గాలి లెక్క తెలియాలి. వేసవి ఉదయాల్లో పడమటి గాలి వీస్తే వెళ్ళేటప్పుడు వీపున తోస్తుంది, అలసటే తెలియదు. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి ఎదురు, పైగా ఎండ ఎక్కి ఉంటుంది. అందుకే కొత్తవారు పది నిమిషాలు వెళ్ళి వెనక్కి తిరగండి. తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట పాడేంత ఊపిరి మిగలకపోయినా ఫర్వాలేదు. ఆ వేగం చాలు. వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంటకు మెల్లగా చేరండి. ఏప్రిల్ వచ్చేసరికి ఏడు గంటలకల్లా ఇంట్లో ఉండాలి.

చెమట బాగా పోయిన రోజు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అదే చెంచాతో అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగవచ్చు. షుగరు, బీపీ ఉన్నవారు మాత్రం వైద్యుణ్ణి అడిగి తాగాలి. పిక్కలు పట్టేయడం, తలనొప్పి, వికారం మొదలైతే అక్కడే ఆగి నీడకు చేరండి. మాట తడబడి, ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోను చేసి, బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్ళు చల్లి విసరాలి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి వస్తే అది గ్యాసు అనుకుని ఇంటి దాకా తొక్కుకుంటూ రావద్దు. సైకిలు అక్కడే వదిలేయండి, అదే 108కి ఫోను చేయండి.