ఇంజన్ ఆయిల్ మార్చే ముందు జాగ్రత్తలు

ముందు కారుతో వచ్చిన మాన్యువల్ తెరవండి. ఇప్పటి పెట్రోల్ కార్లలో చాలావాటికి 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అదే గడువు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండికైతే ఇంకా ముందే మార్చడం మంచిది. ఇంజన్ పూర్తిగా వేడెక్కక ఆయిల్‌లో తేమ మిగిలిపోతుంది.

ఆయిల్ గ్రేడ్ (చిక్కదనం) కూడా మాన్యువల్‌లో ఉన్నదే తీసుకోండి. చిక్కటిది పోస్తే మేలనుకోవద్దు.

ఇంట్లోనే మారుస్తుంటే, ఒక్క జాకీని నమ్మి కారు కిందికి అస్సలు దూరకండి. జారితే ప్రాణం పోతుంది. గట్టి నేల మీద కారు బరువు మోసే స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డు వేశాకే.

పాత ఆయిల్ దింపడానికి ఇంజన్ గోరువెచ్చగా ఉంటే చాలు.

కొత్త ఫిల్టర్, డ్రెయిన్ బోల్టు (ఆయిల్ దింపేందుకు విప్పేది) వాషర్, పాత ఆయిల్‌కు మూత ఉన్న డబ్బా దగ్గరుంచుకోండి. పాత ఆయిల్‌ను మురుగుకాల్వలో పోయొద్దు, మెకానిక్ షాపులో ఇవ్వండి.